ఉప్పుగాలిలో పాత బండి బ్రేక్ పైపులు: ఎప్పటిదాకా ఉంచాలి, ఎంత మార్చాలి, దేనితో మార్చాలి

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో మేము అద్దెకున్న ఇంట్లో కారుకు కప్పు ఉన్న చోటు లేదు. 2004లో కొన్న మా చిన్న కారు పద్నాలుగేళ్ళ పాటు సముద్రం వైపు ముఖం పెట్టి ఆరుబయటే నిలబడింది. పెయింటు పొంగిన చోటల్లా ఎప్పటికప్పుడు గీకించి, ప్రైమర్ పూయించి, రంగు వేయించేవాళ్ళం. కారు అడుగున ఏముందో మాత్రం ఒక్కసారైనా వంగి చూడలేదు. 2018లో ఒక ఉదయం హనుమంతవాక కూడలికి చేరుతుండగా బ్రేక్ పెడల్ ఉన్నట్టుండి మెత్తబడి, నేల దాకా జారిపోయింది. కారు ఆగింది గానీ, ఆగవలసిన చోట ఆగలేదు. ముందున్న ఆటోకు జానెడు దూరంలో ఆగింది. దిగి చూస్తే వెనుక ఎడమ చక్రం లోపలి వైపు నుంచి బ్రేక్ ఆయిల్ బొట్లు బొట్లుగా రోడ్డు మీద పడుతోంది.

కారును తాడు కట్టి షెడ్డుకు చేర్చాక, మెకానిక్ దాన్ని లిఫ్టు మీద ఎత్తి, లైటు పట్టుకుని నన్ను కిందికి పిలిచాడు. ముందు నుంచి వెనక్కి పోయే పైపు చాలామేర పచ్చటి పూతతో, కొంచెం మట్టి అంటుకుని, చూడటానికి బాగానే ఉంది. అతను స్క్రూడ్రైవర్‌తో ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి విప్పాడు. ఆ క్లిప్పు పట్టుకున్న అంగుళం మేరలో పూత లేదు. ఇనుము పొరలు పొరలుగా లేచి, వేరుశనగ గింజ మీది పొట్టులా వేలికి అంటుకుని వచ్చేసింది. “పైకి కనిపించినంత మేరా బాగుంది బాబూ, కనిపించని చోటే పోయింది,” అన్నాడు. దానికి రెండు నెలల ముందే వేరొక చోట సర్వీసింగ్ చేయించి, బ్రేకులు బాగున్నాయన్న కాగితం తెచ్చుకున్నాము. ఆ కాగితంలో రాసినది అబద్ధం కాదు. ఆ రోజుకు బ్రేకులు బాగానే పట్టాయి. అయితే బ్రేకు పట్టడం వేరు, బ్రేక్ పైపు బాగుండటం వేరు. పాత బండి ఉన్నవారు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఇదేనని నా అభిప్రాయం.

దీనికి కారణం పైపు కొలతల్లోనే ఉంది. చిన్న కార్లకూ జీపులకూ సాధారణంగా వాడే బ్రేక్ పైపు బయటి వ్యాసం 4.75 మిల్లీమీటర్లు, గోడ మందం దాదాపు 0.7 మిల్లీమీటర్లు, అంటే చేతి గోరు కంటే కాస్త ఎక్కువ. రేకును రెండు చుట్లు చుట్టి, మధ్యలో రాగితో అతికించి తయారు చేసే ఈ ఉక్కు పైపు కొత్తలో ఎంతో బలంగా ఉంటుంది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు లోపల ఒత్తిడి 70 నుంచి 100 బార్ల దాకా పోతుంది. కారు టైరులో గాలి దాదాపు రెండు బార్లేనని గుర్తుంచుకుంటే ఇది ఎంత ఒత్తిడో ఊహించవచ్చు. అయినా కొత్త పైపు తట్టుకోగలిగే దానిలో అది చిన్న భాగమే కాబట్టి, గోడ సగం తినేసినా బ్రేకు మామూలుగానే పడుతుంది, పెడల్ గట్టిగానే ఉంటుంది. తుప్పు గోడనంతా సమానంగా పలుచన చేయదు. ఒకచోట సూదిమొనంత గుంట తవ్వుకుంటూ పోతుంది. ఆ గుంట అవతలి వైపు తేలేదాకా మీకు ఏ సూచనా ఉండదు, తేలేది కూడా మీరు అన్నిటికంటే గట్టిగా తొక్కిన క్షణంలోనే. అరిగిన బ్రేక్ షూ చప్పుడు చేసి చెబుతుంది, పైపు చెప్పదు.

మాకు ఆ రోజు సగం బ్రేకైనా మిగలడానికి కారణం, ఇప్పటి కార్లలో బ్రేకులు రెండు వేర్వేరు మార్గాలుగా ఉండటమే. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో చాలావాటికి ముందు ఎడమ చక్రానికి వెనుక కుడిది, ముందు కుడి చక్రానికి వెనుక ఎడమది జతగా ఉంటాయి. ఒక మార్గం పోయినా రెండోది పనిచేస్తుంది. పాతకాలపు జీపులూ కార్లలో కొన్నింటికి ఒకటే మార్గం ఉంటుంది. అటువంటి బండి మీ దగ్గర ఉంటే కింద చెప్పబోయే ప్రతి సలహానూ ఒక మెట్టు కఠినంగా తీసుకోండి.

విశాఖలో ఇది ఎందుకు త్వరగా వస్తుంది

మంచు కురిసే దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి బ్రేక్ పైపుల తుప్పు అక్కడి సమస్య అని మనలో చాలామంది అనుకుంటారు. అక్కడ ఆ సమస్య పెద్దదే. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ ఒక కంపెనీ తయారు చేసిన ట్రక్కుల బ్రేక్ పైపుల మీద ఏళ్ళ తరబడి జరిపిన విచారణను 2015 ఏప్రిల్‌లో ముగిస్తూ, ఉప్పు చల్లే రాష్ట్రాల్లో 2007, అంతకు ముందు మోడళ్ళ యజమానులందరూ బండి అడుగు భాగాన్ని కడిగించుకోవాలనీ, పైపులు పరీక్ష చేయించుకోవాలనీ, పొరలు లేచే తుప్పు కనిపిస్తే ఆ ముక్కను కాక మొత్తం పైపుల సెట్టునే మార్చుకోవాలనీ సూచించింది. మనకు రోడ్డు మీద ఎవరూ ఉప్పు చల్లనక్కరలేదు, గాలే ఆ పని చేసిపెడుతుంది.

సముద్రపు తుంపరలో మామూలు ఉప్పుతో పాటు మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు నీటిని పీల్చుకుని కరగడం మొదలవుతుంది. మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం తేమ ఉన్నా చాలు. విశాఖలో గాలి అంత పొడిబారే రోజులు అరుదు. కాబట్టి బండి అడుగున పేరుకున్న ఉప్పు పొర, వాన లేకపోయినా, మన కంటికి పొడిగా కనిపించినా, ఏడాది పొడుగునా చెమ్మగానే ఉంటుంది. తీరం నుంచి లోపలికి వెళ్ళే కొద్దీ, ముఖ్యంగా మొదటి కొన్ని వందల మీటర్లలోనే, గాలిలో ఉప్పు వేగంగా తగ్గిపోతుంది. ఆర్.కె. బీచ్, పెదవాల్తేరు, జాలారిపేట, ఋషికొండ, భీమిలి ఒడ్డున నిలిపే బండికీ, కంచరపాలెంలోనో గోపాలపట్నంలోనో కప్పు కింద నిలిపే బండికీ వయసు ఒకటే అయినా పైపుల స్థితి ఒకటి కాదు. గాజువాక, మల్కాపురం వైపు పరిశ్రమల పొగా దుమ్మూ ఉప్పుకు తోడవుతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు ఇక్కడే ఉండి, ఉప్పునీటిలో తడిసిన బండి అయితే, ఆనాటి తర్వాత పైపులు మార్చారో లేదో తప్పక కనుక్కోండి, ప్రత్యేకించి పాత బండిని కొనబోయేవారు.

వీటన్నిటికంటే పాడు స్థితి నేను చూసినది ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు తోలే చిన్న ట్రక్కుల్లో. ఐసు కరిగిన ఉప్పునీరు తొట్టి సందుల్లోంచి కారి, ఛాసిస్ వెంట పోయే పైపు మీద రోజూ పడుతూ ఉంటుంది. అటువంటి బండికి ఇన్నేళ్ళు అని లెక్క చెప్పడం వృథా. మూడు నెలలకొకసారి కిందికి దూరి చూడవలసిందే.

ఉంచవచ్చా, మార్చాలా

చూడటానికి ముందు అడుగు భాగాన్ని కడిగించి, ఆరనివ్వాలి. మట్టి మీద నుంచి చూసి తీర్పు చెప్పే మెకానిక్‌ను నమ్మవద్దు. వెనుక చక్రాల పైభాగం, పెట్రోలు ట్యాంకు మీదుగా పోయే వంపు, వెనుక ఇరుసు మీది పైపులు, ప్రతి క్లిప్పు లోపలి భాగం, రబ్బరు హోస్‌తో కలిసే చోట పైపు కొనను బిగించే యూనియన్ నట్టు పక్కన ఉండే రెండంగుళాలు తప్పక చూడవలసిన చోట్లు. ముందు బానెట్ కింద, పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ దగ్గర పైపులు మెరుస్తూ ఉంటే వెనుకవీ అలాగే ఉంటాయని అనుకోవద్దు. ఇంజిన్ వేడికి అక్కడ తేమ ఆరిపోతుంది, వెనక్కి ఆ వేడి రాదు.

గుడ్డతో తుడిచాక పైపు మీద పూత అలాగే ఉండి, అక్కడక్కడ గోధుమ రంగు మరక మాత్రమే ఉంటే అది ఉంచదగిన పైపు. పూత ఊడి, ఉక్కు బయటపడి, వేలితో రుద్దితే గరుకుగా తగులుతూ, కానీ పొక్కులు గానీ పొరలు గానీ లేకపోతే అది సందేహంలో ఉన్న పైపు. అక్కడ తుప్పును మెత్తటి బ్రష్‌తో తీసి, తుప్పు నిరోధక ప్రైమర్ పూసి, ఆరు నెలలకు మళ్ళీ చూడటం ఒక దారి. సముద్రానికి కిలోమీటరు లోపు ఉండేవారు, ఇంకో నాలుగైదేళ్ళు బండి ఉంచుకోదలచినవారు ఇప్పుడే మార్చడం రెండో దారి. ఈ సందేహపు స్థితిలోనే మనిషిని బట్టి, ఇంటిని బట్టి సమాధానం మారుతుంది. పొక్కులు లేచి, పొరలు ఊడి, గుంటలు కనిపిస్తే మాత్రం ఇక సమాలోచన అక్కరలేదు, మార్చాలి. బ్రిటన్‌లో ఏటా జరిగే వాహన పరీక్షకు రాసుకున్న మార్గదర్శకాల్లో గోడ మందంలో మూడో వంతు, అంటే దాదాపు 0.25 మిల్లీమీటర్లు తగ్గితే పైపును తిరస్కరించాలన్న కొలత ఉండేది. కంటితో మూడో వంతును కొలవడం సాధ్యం కాదు గానీ, గోటికి తగిలే గుంట ఉందంటే ఆ దరిదాపుల్లో ఉన్నట్టే లెక్క వేసుకోవడం క్షేమం. ఇక ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే, డబ్బాలో ఆయిల్ మట్టం కారణం లేకుండా తగ్గుతుంటే, బండిని నడిపించుకుంటూ షెడ్డుకు పోవద్దు. షెడ్డునే ఇంటికి పిలిపించండి లేదా లాగించండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. తుప్పు ఎంత లోతుందో చూద్దామని స్క్రూడ్రైవర్ మొనతో పొడవడం, ఉప్పుకాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్దడం చాలా షెడ్లలో అలవాటు. మిగిలిన గోడను మనమే తినేసినట్టు అవుతుంది. రెండోది, ఇంజిన్ ఆన్ చేసి, నిలిపిన బండిలో పెడల్‌ను అరనిమిషం పాటు బలంగా తొక్కి పట్టి, మరొకరి చేత కింద చూపించే పరీక్ష. ఇది మంచిదే, పగలవలసిన పైపు రోడ్డు మీద కాకుండా షెడ్డులో పగలడం మేలు కదా. కానీ ఆ పరీక్షకు నిలిచిన పైపు మరో ఏడాది నిలుస్తుందని దాని అర్థం కాదు.

సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు, ఆ తర్వాత అయిదేళ్ళకొకసారి రెన్యువల్. ఆ సమయంలో జరిగే పరీక్షలో బ్రేకు ఎంత బలంగా పడుతుందో తెలుస్తుంది, క్లిప్పు కింద గోడ ఎంత మిగిలిందో తెలియదు. రెన్యువల్ వచ్చింది కదా, పైపులు బాగున్నట్టే కదా అనేవారికి నా కారు కథే జవాబు. అదీగాక పదిహేనో ఏడు ఈ పని చేయించడానికి అనువైన సమయం, ఎందుకంటే బండిని ఇంకో అయిదేళ్ళు ఉంచాలా వద్దా అని మీరు ఎలాగూ అప్పుడే నిర్ణయించుకుంటారు. ఛాసిస్‌లో, సస్పెన్షన్ బిగించే చోట్ల కూడా తుప్పు తినేసి ఉంటే పైపులకు పెట్టే ఖర్చు బూడిదలో పోసిన పన్నీరే. అటువంటి బండిని వదిలించుకోవడం గురించి ఆలోచించండి.

ముక్కా, పైపా, మొత్తం సెట్టా

పోయిన చోట రెండంగుళాలు కోసి, మధ్యలో జాయింట్ వేసి ఇస్తామని చెప్పేవారు మొదట తగులుతారు. ఈ జాయింట్లు రెండు రకాలు. పైపు మీద ఇత్తడి రింగు తొడిగి నట్టుతో బిగించేది మొదటిది. నీళ్ళ పైపుకూ గ్యాసు పైపుకూ పనికివచ్చే ఈ పద్ధతి బ్రేకుకు ఎప్పుడూ పనికిరాదు. అంత ఒత్తిడికీ కుదుపులకూ పైపు రింగులోంచి జారిపోగలదు. రెండోది పైపు కొనలను ఫ్లేరింగ్ చేసి, అంటే కొనను పనిముట్టుతో గరాటులా విప్పి రెండు మడతలుగా వత్తి, యూనియన్ వేసి బిగించడం. ఇది సరైన పద్ధతే. కోసిన చోట నుంచి మిగతా పైపు పొడుగునా పూత చెక్కుచెదరకుండా ఉండి, జాయింట్ ఎప్పుడైనా చేతికి అందే చోట ఉంటే దీనికి నేను అభ్యంతరం చెప్పను. రాయి తగిలి నొక్కుకుపోయిన పైపుకు ఇది తగిన వైద్యం. తుప్పుతో పోయిన పైపుకు మాత్రం అరుదుగా తగుతుంది. పైపు మొత్తం ఒకే వయసుది, ఒకే గాలి పీల్చినది. ఈ క్లిప్పు కింద పోయినది రెండడుగుల అవతల ఉన్న క్లిప్పు కింద ఎంతో మిగిలి ఉండదు.

ఆ ఒక్క పైపునూ కొన నుంచి కొన దాకా మార్చడం మధ్యే మార్గం. చాలామంది ఎంచుకునేది ఇదే; నేనూ ఎంచుకున్నది ఇదే, తర్వాత పశ్చాత్తాపపడ్డదీ దీనికే. వెనుక ఎడమ పైపు మార్పించిన పదకొండు నెలలకు వెనుక కుడి పైపు చెమ్మగిల్లింది. మళ్ళీ లిఫ్టు, మళ్ళీ ట్యాంకు దించడం, మళ్ళీ బ్రేక్ ఆయిల్‌లో చేరిన గాలి తీయడం, మళ్ళీ అదే కూలి. ఈ పనిలో పైపు ధర కంటే కూలే ఎక్కువ. రెండు పైపులూ ఒకేసారి మార్చి ఉంటే రెండో పైపు దాదాపు పైపు ధరకే వచ్చి ఉండేది.

దీనికి ఇంకో ముఖం ఉంది. తుప్పు పట్టిన యూనియన్ నట్టును విప్పబోతే అది పైపును పట్టుకుని తానూ తిరుగుతుంది, పైపు మెలిక పడి చిట్లుతుంది. మామూలు స్పానర్ వేస్తే నట్టు మూలలు గుండ్రమవుతాయి. చక్రం దగ్గర బ్రేక్ షూలను నెట్టే వీల్ సిలిండర్ మీది గాలి తీసే నిప్పిల్ విరిగితే వీల్ సిలిండరే మార్చాలి. కందిరీగల తుట్టెను కదిపినట్టు, ఒక పైపు కోసం చెయ్యి పెడితే మూడు పనులు మీద పడతాయి. అందుకే ముందే మెకానిక్‌తో కూర్చుని, ఏవేవి విరిగే అవకాశముందో అడిగి, ఆ సామాను తెప్పించి పెట్టుకున్నాకే బండిని అప్పజెప్పాలి. పైపు నట్లకని ప్రత్యేకంగా ఉండే, ఐదు వైపుల నుంచి పట్టుకునే స్పానర్ అతని దగ్గర ఉందో లేదో చూడండి. లేకపోతే వేరే షెడ్డు వెతుక్కోవడం మంచిది.

నా తూకం ఇది. పన్నెండేళ్ళు దాటి, తీరానికి దగ్గరగా బతికిన బండిలో తుప్పుతో ఒక పైపు పోతే, వెనక్కి పోయే పైపులన్నీ, ఇరుసు మీదివి సహా, ఒకే విడతలో మార్పించండి. ముందు చక్రాల పొట్టి పైపులు క్లిప్పులు విప్పి చూశాక బాగుంటే ఉంచవచ్చు. అవి చేతికి అందేవి, తర్వాత మార్చినా ట్యాంకు దించనక్కరలేదు. నగరం లోపలి వైపు, కప్పు కింద పెరిగిన బండిలో ఒక పైపే చెడి, మిగతావి పూతతో ఉంటే ఆ ఒక్క పైపుతో సరిపెట్టుకోవడంలో తప్పు లేదు.

దేనితో మార్చాలి

కంపెనీ వారు వంచి, పూత వేసి, నట్లు బిగించి ఇచ్చే పైపు దొరికితే అదే మేలు. వంపులు సరిగ్గా కూర్చుంటాయి, క్లిప్పుల్లో ఇముడుతుంది, దేనికీ రాసుకోదు. చిక్కల్లా ఏమిటంటే, తయారీ ఆగిపోయిన మోడళ్ళకు ఇది తరచుగా దొరకదు. పాత స్టాకు పేరుతో తీరం పక్క గోడౌన్‌లో ఏళ్ళ తరబడి పడి ఉన్న పైపును అంటగడితే నట్టు లోపలా కొనల దగ్గరా తుప్పు చూసుకోండి.

రెండోది చుట్టగా దొరికే ఉక్కు పైపును షెడ్డులోనే కొలిచి, కోసి, వంచి, ఫ్లేరింగ్ చేయడం. గాజువాక ఆటోనగర్ వంటి చోట్ల ఎక్కువగా జరిగే పని ఇదే. పనితనం ఉన్నవాడు చేస్తే బాగానే ఉంటుంది. అడగవలసినవి రెండు: అది బ్రేకుకు చేసిన రెండు పొరల పైపేనా, లేక పెట్రోలు లైనుకు వాడే ఒంటి పొర పైపా? దాని మీద ఉన్నది ఉత్త జింకు పూతా, లేక దాని పైన ప్లాస్టిక్ పూత కూడా ఉందా? ఉత్త జింకు పూత మన తీరంలో ఎక్కువ కాలం ఆగదు. ప్లాస్టిక్ పూత ఉన్నదైతే వంచేటప్పుడు, బిగించేటప్పుడు గీతలు పడిన ప్రతి చోటా మళ్ళీ పూత పూయించాలి. అక్కడే మొదటి పొక్కు లేస్తుంది.

రాగి పైపు సంగతి వేరు. అది మెత్తగా చేతితో వంగుతుంది, ఫ్లేరింగ్ సులువు, తుప్పు పట్టదు, మహా అయితే చిలుము పడుతుంది. అందుకే చాలామంది మెకానిక్‌లకు అది ఇష్టం. నాకు ఇష్టం లేదు. రాగి ఉక్కు కంటే చాలా బలహీనం. పైగా బండి అదురుకు ఆడుతూ ఆడుతూ గట్టిపడి, పెళుసై, నట్టు పక్కన సన్నని చీలిక తీస్తుంది. తుప్పు కనీసం రంగు మారి కనిపిస్తుంది, ఈ చీలిక కనిపించదు. ఫ్రిజ్ బాగుచేసేవారి దగ్గర దొరికే రాగి పైపును ఎవరైనా బ్రేకుకు వేస్తామంటే అక్కడి నుంచి బండి తీసుకుని వచ్చేయండి.

రాగి, నికెల్ కలిసిన కుప్రోనికెల్ పైపు దీనికి భిన్నం. తొంభై పాళ్ళు రాగి, పది పాళ్ళు నికెల్, కొద్దిగా ఇనుము, మాంగనీసు ఉండే ఈ లోహం రాగి కంటే గట్టిది, అదురుకు బాగా నిలుస్తుంది, ఉక్కు కంటే తేలిగ్గా వంగుతుంది. వోల్వో కార్లలో 1970ల నుంచీ బ్రేక్ పైపులకు దీన్నే వాడారు. విశాఖవాసికి ఇది కొత్త లోహం కాదు. ఓడల్లో సముద్రపు నీరు పారే పైపులకు వాడేది ఇదే జాతి; షిప్‌యార్డులో పనిచేసిన వారినెవరినైనా అడిగితే అది ఉప్పునీటిలో ఎన్నేళ్ళుంటుందో చెబుతారు. 1992 నుంచి వచ్చిన ఆ మందపాటి అయిదు రూపాయల బిళ్ళ కూడా, పాళ్ళు వేరైనా, రాగి నికెల్ మిశ్రమమే. దేవుడి గదిలో హుండీ అడుగున ఏళ్ళ తరబడి పడి ఉన్నా అది తుప్పు పట్టగా ఎవరూ చూసి ఉండరు. అలాగని ఓడల తుక్కులో దొరికిన పైపును కొనవద్దు. బ్రేకుకని చేసిన 4.75 మిల్లీమీటర్ల పైపునే కొనాలి. ఉక్కు కంటే ధర ఎక్కువ, చుట్టను బయటి నుంచి తెప్పించవలసి రావచ్చు. తీరం పక్కన ఉంటూ, బండిని అయిదేళ్ళకు మించి ఉంచుకునే ఉద్దేశం ఉన్నవారికి నేను నిస్సంకోచంగా చెప్పేది ఇదే. రెండేళ్ళలో అమ్మేసేవారికి పూత ఉన్న ఉక్కు చాలు. ఒక్క చిన్న మాట: పైపు కుప్రోనికెల్ అయినా నట్లు ఉక్కువే అయితే తుప్పు నట్లకు పడుతుంది, వాటి మీద మైనపు పూత వేయించండి.

స్టెయిన్‌లెస్ స్టీల్ పేరు వినగానే మనసు పోతుంది గానీ, గట్టి లోహం కావడంతో షెడ్డులో దాన్ని రెండు మడతల ఫ్లేరింగ్ చేయడం కష్టం, కొనలు చిట్లుతాయి, ఆయిల్ చెమ్మగిల్లుతుంది. మామూలు రకం స్టెయిన్‌లెస్ కూడా ఉప్పు పేరుకున్న క్లిప్పు సందులో గుంటలు పడుతుంది. ఎవరూ ఎంచుకోనక్కరలేదు.

ఏ పైపు ఎంచుకున్నా కొన ఆకారం పాతదానితో సరిపోవాలి. కొన్ని బండ్లకు గరాటులా రెండు మడతల కొన, కొన్నింటికి బుడగలా ఉబ్బిన కొన ఉంటాయి. ఒకదాని స్థానంలో ఒకటి పెట్టి బలంగా బిగిస్తే ఆ రోజుకు ఆగుతుంది, తర్వాత కారుతుంది. కోసి తీసిన పాత పైపు కొనను పారేయకుండా, కొత్త కొన పక్కన పెట్టి మీ కళ్ళతో పోల్చి చూడండి.

పైపుతో పాటు

లోహపు పైపు చక్రం దగ్గర రబ్బరు హోస్‌తో కలుస్తుంది. పదేళ్ళు దాటిన హోస్‌ను కొత్త పైపుకు తగిలించడం కొత్త చీరకు చిరుగు కొంగు కుట్టడమే. అన్నీ ఒకేసారి మార్చండి. మన సర్వీసు స్టేషన్లలో కడిగాక అడుగు భాగమంతా డీజిల్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ కొట్టే అలవాటు ఉంది. తుప్పు రాకుండా ఉంటుందని వారి నమ్మకం. బ్రేక్ హోస్‌లకూ రబ్బరు బుషులకూ పెట్రోలియం నూనెలు పడవు. రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. వద్దని ముందే చెప్పండి. తుప్పు పట్టిన పైపు మీద నల్లటి అండర్‌కోటింగ్ కొట్టించడం ఇంకా తప్పు, తుప్పు దాని కింద చీకట్లో హాయిగా పెరుగుతుంది. నెలకొకసారి అడుగు భాగాన్ని మంచినీటితో కడిగించడమే మేలు. ఒడ్డు పక్క ఇళ్ళలో బోరు నీరు కొన్నిచోట్ల ఉప్పగా ఉంటుంది, దానితో కడిగితే ఉప్పు తీసి ఉప్పు పూసినట్టే.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, విశాఖలో మరింతగా. బ్రేక్ ఆయిల్ రకాల్లో డాట్ 3 కొత్తలో కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140కి పడిపోవచ్చు. డాట్ 4కు ఆ హద్దులు 230, 155. అరకు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెడల్ మెత్తబడితే అది పైపు తప్పు కాకపోవచ్చు, మరిగిన ఆయిల్ తప్పు కావచ్చు. ఆ నీరే పైపునూ సిలిండర్‌నూ లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. రెండేళ్ళకొకసారి మార్చండి. సిలికాన్‌తో చేసే డాట్ 5ను మాత్రం వీటిలో కలపకూడదు.

గాలి తీసేటప్పుడు పాత కారులో పెడల్‌ను నేలకు తగిలేదాకా తొక్కవద్దని చెప్పండి. మాస్టర్ సిలిండర్ లోపలి వాషరు ఎన్నడూ పోని తుప్పు ప్రాంతంలోకి వెళ్ళి చిరుగుతుంది. పైపు పని అయిన వారానికి మాస్టర్ సిలిండర్ పోయిందని వాపోయే చాలామంది వెనుక ఉన్న కారణం ఇదే. పెడల్ కింద అంగుళంన్నర మందం చెక్కముక్క పెడితే చాలు. గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండికి కొన్నిసార్లు స్కానర్ పెట్టి గాలి తీయాలి. ఆ యంత్రం ఉందో లేదో పని మొదలుపెట్టక ముందే అడగండి.

బండి చేతికి వచ్చాక నేరుగా సింహాచలం కొండకో కైలాసగిరికో ఎక్కించకండి. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద మెల్లగా పోతూ నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేసి చూసి, ఇంటికి వచ్చి ప్రతి జాయింట్‌నూ పొడి గుడ్డతో తుడిచి, ఆ రాత్రి బండి కింద పాత దినపత్రిక పరచండి. తెల్లవారి మరక కనిపిస్తే, బ్రేక్ ఆయిల్‌ది అయితే లేత పసుపు రంగులో, వేలికి జారుడుగా తగులుతుంది. ఏసీ నుంచి కారే నీరు అయితే ఆరిపోతుంది. రెండో రాత్రి కూడా కాగితం శుభ్రంగా ఉంటే ఘాట్ రోడ్డుకు పోవచ్చు.